తాడుకు నడిమి గుర్తు

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా పలమనేరు, అక్కడి నుంచి వి.కోట దాటి కుప్పం వరకు బస్సులో వెళ్లేవారికి కిటికీలోంచి ఎక్కువగా కనబడేది రాయే. నున్నటి బండలు, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టుండే గుండ్లు, మధ్యలో టమాట తోటలు, చింతచెట్లు, మళ్లీ రాయి. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో గడ్డకట్టిన గ్రానైట్లు, వాటికి చుట్టాలైన రాళ్లు. కుప్పం చుట్టుపక్కల క్వారీల్లో తీసిన పచ్చ ఛాయ రాయికి ‘కుప్పం గ్రీన్’ అని వ్యాపారంలో పేరే ఉంది. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద 1860ల్లో కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్లీ వేసవి బంగళా కట్టుకున్నాక దానికి హార్స్లీ హిల్స్ అన్న పేరు స్థిరపడింది. 1200 మీటర్లకు పైబడిన ఆ కొండ మీద ఇప్పుడు తాడు సాయంతో బండ దిగే ర్యాపెలింగ్ కూడా పర్యాటకులకు పరిచయమైన ఆటే.

బండలెక్కేవాళ్ల సరంజామాలో హెల్మెట్, హార్నెస్, తళతళలాడే కారబీనర్లు అనే లోహపు కొక్కేలు అందరి కళ్లకూ ఆనుతాయి. తాడు సరిగ్గా మధ్యలో జానెడు పొడవున వేసిన నల్లటి గుర్తు మాత్రం తెలియనివారి కంటికి ఏదో మరకలా ఉంటుంది. ఆ గుర్తు ఎందుకుంది, అది ఎప్పుడు అబద్ధం చెబుతుంది, చెరిగిపోతే దేనితో వేయాలి అన్న మూడు ప్రశ్నల వెనక బోలెడంత భౌతికశాస్త్రం, కొంత రసాయనశాస్త్రం, కొన్ని ప్రాణాలు ఉన్నాయి.

బండ దిగడంతో మొదలుపెడదాం. పైకి ఎక్కినవాళ్లు తాడును పైనే కట్టేసి దిగితే, దిగాక తాడు పైనే ఉండిపోతుంది. అందుకని బండకు బిగించిన బోల్టుల కడియంలోంచి తాడును దూర్చి, సగం ఇటు, సగం అటు వేలాడేలా వదులుతారు. నడుముకు కట్టుకున్న హార్నెస్‌కు ఒక బ్రేకు పరికరం ఉంటుంది. రెండు పేటలనూ దానిలోంచి పోనిచ్చి, రాపిడితో వేగాన్ని అదుపు చేసుకుంటూ దిగుతారు. కింద కాలు మోపాక ఒక కొసను లాగితే రెండో కొస పైకి వెళ్లి, కడియంలోంచి జారి, మొత్తం తాడు చేతికొస్తుంది. మదనపల్లె టమాట మార్కెట్‌లో లారీకి బుట్టలెత్తాక లోడు మీదుగా తాడు విసిరే హమాలీ కూడా ఈ లెక్కే చూసుకుంటాడు: నడుమ భాగం లోడు నెత్తిన పడాలి, రెండు కొసలూ రెండు పక్కలా కొక్కేలకు అందాలి. ఒక పక్క పొట్టయితే అతను మళ్లీ విసురుతాడు. బండ మీద సగం దిగాక మళ్లీ విసిరే వీలుండదు.

60 మీటర్ల తాడును 28 మీటర్ల బండ మీద ఇలా వేశామనుకుందాం. సరిగ్గా నడుమ కడియంలో ఉంటే రెండు పక్కలా 30 మీటర్లు వేలాడి, నేల మీద రెండేసి మీటర్లు మిగులుతాయి. నడుమ అనుకున్న చోటు అసలు నడుమకు 5 మీటర్ల దూరంలో ఉందనుకోండి. ఒక పక్క 35, ఇంకో పక్క 25. తప్పు 5 మీటర్లదే, రెండు కొసల మధ్య తేడా మాత్రం 10 మీటర్లు. నడుమ ఎంత తప్పితే కొసల్లో దానికి రెట్టింపు తేడా వస్తుంది. పైనుంచి తొంగిచూస్తే పొడవు కొస నేలకు తగిలి కనబడుతుంది, మనసుకు ధైర్యం వస్తుంది. పొట్టి కొస బండ పొట్ట వెనక దాగి ఉంటుంది.

పొట్టి కొస నేలకు 3 మీటర్ల ఎత్తులో ఆగిందంటే, పడితే 3 మీటర్లే కదా అనిపించవచ్చు. 28 మీటర్ల బండకు ఆ మాట నిజమే. అదే 200 మీటర్ల గోడను అంచెలంచెలుగా దిగుతూ, నేల ఇంకా 150 మీటర్ల కింద ఉన్నప్పుడు ఆ కొస బ్రేకు పరికరంలోంచి జారిందంటే లెక్క మారిపోతుంది. ఇంకో పేట చేతిలో ఉందిగా అన్న ఆశ కూడా పనికిరాదు. రెండు పేటలూ ఒకే తాడు. కడియం దాన్ని కట్టేసి ఉంచలేదు, జారనిస్తుంది. అంతదాకా ఆ జారుడును ఆపింది రెండు పేటలనూ కలిపి పట్టుకున్న బ్రేకు పరికరమే. పొట్టి కొస దాన్ని దాటిన క్షణాన మనిషి బరువంతా పొడవు పేట మీద పడుతుంది, దాన్ని అవతలి నుంచి పట్టే దిక్కుండదు. పొట్టి కొస సర్రున పైకి లేచి కడియంలోంచి బయటపడుతుంది. మనిషి తాడుతో సహా కిందికి వెళ్తాడు.

2019 నవంబర్ 27న మెక్సికోలోని ఎల్ పొట్రెరో చికో అనే సున్నపురాతి లోయలో ఇలాగే ఒక ప్రాణం పోయింది. అమెరికన్ క్లైంబర్ బ్రాడ్ గోబ్రైట్ ఆ తరంలో పేరు మోసినవాడు, తాడు లేకుండా కూడా పెద్ద గోడలెక్కినవాడు. ఆ రోజు అతనూ జతగాడూ ఒకే తాడుకు చెరో పేట మీద, ఒకరి బరువుకు మరొకరు దీటుగా, ఒకేసారి దిగుతున్నారు. తాడు సమంగా పడలేదు. గోబ్రైట్ వైపు పేట పొట్టిగా ఉంది, కొసన ముడి లేదు. అతను కొస దాటి జారగానే జతగాడి పేట కూడా పట్టు తప్పింది. జతగాడు పొదల్లోంచి ఒక అరుగు మీద పడి గాయాలతో బతికాడు. గోబ్రైట్ బతకలేదు. నేర్పు తక్కువై జరిగిన ప్రమాదం కాదిది. అందుకే ఈ విషయం కొత్తవాళ్లకు మాత్రమే అనుకోకూడదు.

నడిమి గుర్తుకు మరో పని ఉంది. అది నాకు ఇంకా తెలివైనదిగా కనిపిస్తుంది. ఎక్కేవాడు పైకి పోతుంటే కింద తాడు పట్టుకుని అతన్ని కాపు కాసే బిలేయర్ దాన్ని వదులుతూ ఉంటాడు. పై బోల్టు చేరాక ఎక్కినవాణ్ణి అదే తాడు మీద కిందికి దించాలి. పైకి వెళ్లిన పొడవు ఎంతో, దించడానికి మళ్లీ అంత పొడవు కావాలి. కాబట్టి ఎక్కేవాడు పై బోల్టు చేరకముందే నడిమి గుర్తు బిలేయర్ చేతిలోంచి పైకి వెళ్లిపోయిందంటే, సగం కంటే ఎక్కువ తాడు ఖర్చయిపోయింది, దించడానికి చాలదు అని అర్థం. టేపు అక్కర్లేదు, లెక్క అక్కర్లేదు. అప్పుడు బిలేయర్ కేక వేసి చెప్పాలి. గుర్తు చెరిగిపోయిన తాడుతో, కొసన ముడి లేకుండా ఇదే పని చేస్తే, దించేటప్పుడు కొస బిలే పరికరంలోంచి జారిపోయి పైవాడు పడిపోతాడు. 60 మీటర్ల తాడుతో 32 మీటర్ల దారి ఎక్కితే 64 మీటర్లు కావాలి. ఆ లోటు నేలకు నాలుగు మీటర్ల ఎత్తున బయటపడుతుంది.

గుర్తు ఉంటే చాలదా అంటే చాలదు. ఎందుకో తెలియాలంటే తాడు కడుపులోకి చూడాలి. ఒకప్పుడు కొండలెక్కేవాళ్లు వాడినవి పురిపెట్టిన నారతాళ్లు. గట్టిగా పడితే అవి సాగవు, తెగుతాయి, తెగకపోతే నడుము విరగ్గొడతాయి. 1935లో అమెరికాలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్‌ను తయారుచేసింది. 1938లో జర్మనీలో పాల్ ష్లాక్ నైలాన్ 6 అనే రకాన్ని తెచ్చాడు. 1953లో జర్మన్ కంపెనీ ఎడెల్రిడ్ రెండు భాగాల తాడును మార్కెట్‌లోకి తెచ్చింది: లోపల బరువు మోసే నైలాన్ పేటల కట్ట, దాని చుట్టూ అల్లిన రంగురంగుల తొడుగు. ఇవాళ బండలెక్కే తాళ్లన్నీ దాని సంతానమే. పడినప్పుడు ఈ తాడు సాగి, పడ్డ వేగాన్ని మెల్లగా మింగుతుంది. 80 కిలోల మనిషి 5 మీటర్లు పడితే దాదాపు 4000 జౌళ్ల శక్తి. ఆ శక్తి ఎముకల్లోకి పోకుండా తాడులోకి పోవాలి.

తొడుగు వేరు, లోపలి కట్ట వేరు. గుర్తు ఉండేది తొడుగు మీద. బ్రేకు పరికరంలోంచి పదే పదే జారిన తాడులో తొడుగు లోపలి కట్ట మీద కొద్దికొద్దిగా జరుగుతుంది. దాంతో పాటు నైలాన్ తడిసి ఆరుతూ ఉంటే కుంచించుకుపోతుంది. వాడకంతో తాడు 5 శాతం, కొన్నిసార్లు 10 శాతం దాకా పొట్టవుతుంది. కొన్ననాడు 60 మీటర్లు అని రాసి ఉన్న తాడు ఇవాళ 57 మీటర్లే ఉండొచ్చు. అప్పుడు 29 మీటర్ల దారి, నిరుడు హాయిగా దిగిన దారి, ఈ ఏడు చాలదు. రెండు సగాలూ సమానంగా కుంచించుకుంటే గుర్తు నడుమనే ఉంటుంది. అయితే చాలామంది తెలియకుండానే ఒక కొసనే ఎక్కువగా కట్టుకుంటారు. ఆ సగం ఎక్కువగా సాగి, ఎక్కువగా రాసుకుని, వేరే రకంగా ముసలిదవుతుంది.

అన్నిటికంటే పెద్ద మోసం కత్తిరింపు దగ్గర జరుగుతుంది. ఎక్కేవాడు కట్టుకునే కొస దగ్గర తొడుగు ముందుగా నూగు లేస్తుంది. నాలుగు వేళ్లతో మడిచి చూస్తే లోపల ఖాళీ అయినట్టు మెత్తగా తగులుతుంది. అప్పుడు ఆ రెండు మీటర్లు కోసి, కొసను వేడితో కరిగించి మూసేస్తారు. మంచి పనే. కానీ 60 మీటర్ల తాడు ఇప్పుడు 58. పాత గుర్తు ఒక కొసకు 30 మీటర్లు, ఇంకో కొసకు 28 మీటర్ల దూరంలో ఉంది. ఆ గుర్తును నమ్మి కడియంలో పెడితే రెండు పేటలకూ రెండు మీటర్ల తేడా. ఒక వైపు ఎంత కోశామో అంత తేడా. గుర్తు లేని తాడును మనం అనుమానిస్తాం, కొలుస్తాం. తప్పు గుర్తున్న తాడును నమ్మేస్తాం. అందుకే అది మరింత ప్రమాదకరమని నా అభిప్రాయం. ఒక వైపు కోస్తే రెండో వైపూ అంతే కోయాలి, లేదా పాత గుర్తును రద్దు చేసి కొత్తది పెట్టాలి. తాడు ఒకరిదై, కోసినవాడు మరొకడై, ఎక్కేవాడు మూడోవాడైతే ఆ కబురు అందాలి.

మా వైపు రాయి ఈ గుర్తుకు ప్రత్యేకంగా శత్రువు. గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ స్ఫటికాలు పళ్లలా పొడుచుకుని ఉంటాయి. గుండు అంచు మీద తాడు ఆనిన ప్రతిసారీ తొడుగు పోగుల పైపొర గీసుకుపోతుంది, దాంతో పాటే సిరా. పైగా ఎర్రదుమ్ము. ఒక ఎండాకాలం వాడిన తాడును వేళ్ల మధ్య లాగితే చేతికి మట్టిరంగు అంటుతుంది. నల్లగీత బూడిదరంగై, బూడిదరంగు తాడు రంగులో కలిసిపోతుంది. సాయంత్రం వెలుగు తగ్గాక, తలకు కట్టిన లైటు వెలుగులో దాన్ని వెతకడం మరీ కష్టం.

మరి మళ్లీ వేయాలంటే దేనితో? చేతికందిన మార్కర్ పెన్నుతో గీసేద్దామని ఎవరికైనా తోస్తుంది. ఇక్కడే రసాయనశాస్త్రం అడ్డొస్తుంది. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య, యూఐఏఏ, 1932లో పుట్టిన సంస్థ. తాళ్లకు ప్రమాణాలు నిర్ణయిస్తుంది. దాని పరీక్షలో 80 కిలోల బరువును తాడుకు కట్టి, ఒక గుండ్రటి ఉక్కు అంచు మీదుగా దాదాపు 5 మీటర్లు పడేస్తారు. అయిదు నిమిషాలకోసారి, తాడు తెగేదాకా. ఒంటి తాడు కనీసం 5 సార్లు తట్టుకోవాలి. మొదటి పాటుకు కలిగే లాగుడు 12 కిలోన్యూటన్లు దాటకూడదు, అంటే సుమారు 1200 కిలోల బరువుకు సమానం. ఈ పరీక్షలో మార్కర్ పెన్నులతో గీసిన తాళ్లను పెడితే, గీసిన చోట శక్తిని మింగే సామర్థ్యం 50 శాతం దాకా తగ్గిన సందర్భాలున్నాయని ఆ సంస్థ భద్రతా సంఘానికి అప్పట్లో అధ్యక్షుడైన పిట్ షూబర్ట్ హెచ్చరిక ప్రకటించాడు. తాళ్ల కోసమనే అమ్మిన కొన్ని పెన్నులు కూడా అందులో ఉన్నాయి. ఆ తాడు తయారుచేసిన కంపెనీ ఫలానాది వాడొచ్చని చెబితేనే వాడాలని ఆ ప్రకటన సారాంశం.

నైలాన్ బలమంతా దాని పొడవాటి అణుగొలుసులు పక్కపక్కనే వరసగా నిలబడి, ఒకదాన్నొకటి హైడ్రోజన్ బంధాలతో పట్టుకోవడంలో ఉంది. ఫినాల్, ఫార్మిక్ ఆమ్లం, గాఢ ఖనిజామ్లాలు ఆ బంధాల్లో చొరబడి గొలుసులను విడదీస్తాయి. సిరాలో ఏ ద్రావకం ఉందో, ఏ జిగురు ఉందో డబ్బా మీద సాధారణంగా రాయరు. సిరా ఆరాక పోగులు ఒకదానికొకటి అంటుకుని ఆ చోట తాడు బిరుసుగా తగలడం వేలితో తెలుస్తుంది. పోగులు ఒకదాని మీద ఒకటి జారుతూ సాగాల్సిన తాడుకు అది మేలు చేయదు.

అలాగని మార్కర్ గీసిన తాడు మర్నాడే తెగుతుందని భయపెట్టడం సరికాదు. ఆ 50 శాతం అనేది గీత సరిగ్గా ఉక్కు అంచు మీద కూర్చున్నప్పటి ఫలితం. బండ మీద ముందు ఎక్కేవాడు పడితే, తాడు మీద అతి పెద్ద దెబ్బ తగిలేది అతనికి దగ్గర్లో ఉన్న పై కారబీనర్‌లో ఉన్న ముక్కకు. అది అతని కొస నుంచి కొద్ది మీటర్ల లోపు భాగం, నడుమ కాదు. నడుమ కడియం మీద కూర్చునేది దిగేటప్పుడే. అప్పుడు పడే బరువు ఒక మనిషిది, అదీ రెండు పేటల మీద పంచుకుని. కాబట్టి ప్రమాదం తక్కువే. అయినా ఒక తాడును పట్టుకుని ఇంకొకరి పిల్లలను కొండ దింపేవారు ఆ తక్కువ ప్రమాదాన్ని కూడా తమ ఇష్టానికి ఒప్పుకోకూడదు. కంపెనీ సిరా దొరుకుతున్నప్పుడు స్టేషనరీ కొట్టు పెన్ను ఎందుకు?

అతికించే టేపు గుర్తుగా అసలు పనికిరాదు. బ్రేకు పరికరంలో చిక్కుకుంటుంది, ఎండకు జిగురు కరిగి పక్కకు జరుగుతుంది. జరిగిన టేపు అంటే మళ్లీ తప్పు గుర్తే. దారంతో తొడుగు మీద కుట్లు వేయడం పాతకాలపు పద్ధతి. చీకట్లో వేలికి తగులుతుంది, రసాయనం లేదు, కానీ సూది లోపలి పేటల్లోకి దిగదన్న పూచీ ఎవరిస్తారు? నన్నడిగితే వద్దంటాను. అన్నిటికంటే మంచిది నేతలోనే గుర్తు. కొన్ని తాళ్లలో సరిగ్గా నడుమకు రాగానే తొడుగు అల్లిక మారిపోతుంది, ఒక సగం గళ్లు, ఇంకో సగం చారలు. చెరిగేది లేదు, ఆరేది లేదు. ఏ సగం చేతిలో ఉందో చూడగానే తెలుస్తుంది. అల్లే యంత్రంలో కండెలను నడుమ మార్చాలి కాబట్టి ధర ఎక్కువ. అలాంటి తాడుకు కూడా ఒక కొస కోస్తే నడుమ తప్పుతుంది.

అందుకని గుర్తున్నా లేకున్నా, చేతులతో నడుమ వెతకడం ప్రతి ఒక్కరికీ రావాలి. రెండు కొసలూ కలిపి ఎడమచేత పట్టుకుంటారు. రెండు పేటలనూ జంటగా కుడిచేతిలోంచి బార తర్వాత బార లాగుతూ కిందికి వదులుతారు. 60 మీటర్ల తాడైతే 17 బారలకు అటూ ఇటూగా మడత చేతికి తగులుతుంది. అదే నడుమ. ఒక పేట బిగువుగా, ఇంకో పేట వదులుగా లాగితే తప్పు వస్తుంది. మధ్యలో మెలి పడితే ఆగి విప్పాలి. ఇలా లాగేటప్పుడే తాడు మొత్తం వేళ్లలోంచి పోతుంది కాబట్టి, ఎక్కడ తొడుగు కోసుకుపోయిందో, ఎక్కడ లోపల గడ్డకట్టినట్టుందో, ఎక్కడ చప్పబడిపోయిందో కూడా తెలిసిపోతుంది. ఈ పని చేయించని శిక్షణ శిక్షణ కాదు.

మన రాష్ట్రాల్లో ఈ పని పెద్ద ఎత్తున నేర్పిన చోటు భువనగిరి ఏకశిల. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు కోచ్ శేఖర్‌బాబు దగ్గర మొదట తాడు పట్టింది అక్కడే. వారిలో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం చేరారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఎవరెస్ట్ దారిలో ముందే బిగించి ఉంచిన తాళ్లుంటాయి, నడుమ వెతకాల్సిన పని రాదు. ఆ పని వచ్చేది భువనగిరి లాంటి, హార్స్లీ హిల్స్ లాంటి మామూలు బండల మీద.

కొసల్లో ముడి సంగతి కూడా చెప్పాలి. రెండు కొసల్లోనూ లావుపాటి ముడి వేస్తే, నడుమ తప్పినా పొట్టి కొస బ్రేకు పరికరం దగ్గర ఆగిపోతుంది. మనిషి వేలాడతాడు, పడడు. ఇంత తేలికైన రక్షణను అనుభవజ్ఞులే వదిలేయడానికి కారణాలున్నాయి. తాడు విసిరినప్పుడు ముడి గుండ్ల సందులో ఇరుక్కోవచ్చు, దిగాక ముడి విప్పడం మరిచి లాగితే అది కడియంలో చిక్కి తాడు పైనే ఉండిపోవచ్చు. రెండూ నిజమే. రెండూ చిరాకులే తప్ప చావులు కావు. గాలి ఎక్కువగా ఉన్న రోజున తాడును విసరకుండా చుట్టను హార్నెస్‌కు తగిలించుకుని దిగుతూ వదిలితే మొదటి చిక్కు తప్పుతుంది.

తాడు దాచే చోటు గురించి ఒక మాట. పల్లెల్లో తాడు పడేసేది జీపు వెనకో, ట్రాక్టర్ షెడ్డులోనో, బ్యాటరీ పక్కన. బ్యాటరీలో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం. దాని ఆవిరి, చుక్క తగిలిన నైలాన్ పైకి ఏమీ కనబడకుండానే చచ్చుబడిపోతుంది. అలా పాడైన తాళ్లు చిన్న బరువుకే తెగిన ఉదంతాలు పర్వతారోహణ సంస్థల రికార్డుల్లో ఉన్నాయి. అలాంటి చోట పడి ఉన్న తాడుకు గుర్తు వేయడం కాదు, దాన్ని ముక్కలుగా కోసి పశువులకు పలుపుగా వాడుకోవడం మేలు. పొడవుగా ఉంచితే ఎవరో ఒకరు మళ్లీ ఎక్కడానికి తీసుకెళ్తారు.

మంచి తాడుకు గుర్తు చెరిగిందనుకుంటే, గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టాలి. తడి ఆరేటప్పుడు కుంచించుకునేది అప్పుడే కుంచించుకుంటుంది కాబట్టి, కొలత ఆరాకే తీయాలి. రెండు కొసలూ కలిపి లాగి మడత దగ్గర చిన్న దారప్పోగు వదులుగా కట్టుకోవాలి. కొసలు మార్చి ఇంకోసారి లాగి, మడత అదే చోటుకు వచ్చిందో లేదో చూడాలి. వస్తే కంపెనీ చెప్పిన సిరాను ఆ చోట తాడు చుట్టూరా, అన్ని పక్కల నుంచి కనబడేలా పూసి, దారప్పోగు తీసేసి, పూర్తిగా ఆరేదాకా చుట్ట చుట్టకుండా వదిలేయాలి. అప్పుడే టేపుతో తాడు మొత్తం పొడవు కూడా కొలిచి, కొసన ఉండే చిన్న పట్టీ మీద 60 అని ఉన్నచోట ఇవాళ్టి అంకె, తేదీ రాసి పెట్టాలి.